అమ్మానాన్నలతో నేపాల్: ఆధార్ ఒక్కటే చాలుతుందా? ముక్తినాథ్ పెద్దవాళ్ళు తట్టుకోగలరా?

కృష్ణాతీరం:

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలని నేపాల్ తీసుకెళ్ళాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాం, ఈ దసరా సెలవులకి ఎలాగైనా కదలాలని మా ఆయన సెలవు కూడా పెట్టేశారు. పశుపతినాథ్, పోఖరా, ముక్తినాథ్, కుదిరితే తిరిగొచ్చేటప్పుడు లుంబిని. మొత్తం ఐదుగురం. నాన్నకి 68, అమ్మకి 62, మా బాబుకి 11 ఏళ్ళు, మేమిద్దరం.

మా ఇద్దరికీ పాస్‌పోర్టులు ఉన్నాయి. నాన్నకి ఓటరు కార్డు ఉంది. అమ్మ ఓటరు కార్డు ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది, పాస్‌పోర్టు ఎప్పుడూ తీయించలేదు. బాబుకి ఆధార్, స్కూల్ ఐడీ ఉన్నాయి. మాట్లాడిన ట్రావెల్స్ అతను "నేపాల్‌కి వీసా లేదు, ఏమీ లేదు, ఆధార్ ఉంటే చాలు, మన కాశీకి వెళ్ళినట్టే" అంటున్నాడు. మా పిన్నికి తెలిసినవాళ్ళేమో విమానం ఎక్కనివ్వలేదని చెప్పారట. ఏది నిజం?

ఇంకో రెండు సందేహాలు. డబ్బు ఎలా తీసుకెళ్ళాలి, మన నోట్లు చెల్లుతాయా? నాన్నకి బీపీ ఉంది, మందులతో అదుపులోనే ఉంటుంది, కానీ ముక్తినాథ్ చాలా ఎత్తు అంటున్నారు కదా, వెళ్ళొచ్చా? నూట ఎనిమిది దివ్యదేశాల్లో సాలగ్రామం అదేనని ఆయనకి జీవితంలో ఒక్కసారైనా చూడాలని ఉంది. అందుకే వద్దు అనలేకపోతున్నాను. వెళ్ళొచ్చినవాళ్ళు దయచేసి వివరంగా చెప్పండి.

వేపచెట్టు:

కాగితాల సంగతి నేను చెప్తాను, ఎందుకంటే దీనివల్ల మా ఇంట్లో వాళ్ళే దెబ్బతిన్నారు.

వీసా లేదన్న మాట నిజం. 1950లో మన దేశానికి, నేపాల్‌కి కుదిరిన ఒప్పందం ప్రకారం మనం వాళ్ళ దేశానికి, వాళ్ళు మన దేశానికి వీసా లేకుండా తిరగొచ్చు. కానీ వీసా అక్కర్లేదంటే గుర్తింపు పత్రం అక్కర్లేదని కాదు. విమానంలో వెళ్ళేవాళ్ళకి రెండే రెండు నిక్కమైన పత్రాలు: చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టు, లేదా ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు. ఆధార్ ఆ వయసువాళ్ళకి పనికిరాదు. ఏ వయసు అంటే 15 నుంచి 65 లోపు. 65 దాటినవాళ్ళకి, 15 లోపు పిల్లలకి మాత్రం సడలింపు ఉంది, వాళ్ళు వయసూ గుర్తింపూ తెలిసే ఫోటో ఉన్న కార్డు ఏదైనా చూపించొచ్చు, 2019 నుంచి ఈ రెండు వయసులవాళ్ళకి ఆధార్‌ని కూడా ఒప్పుకుంటున్నారు. పాన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు కూడా సరిపోతాయి.

అంటే మీ ఐదుగురిలో నాన్నగారికి దిగుల్లేదు, బాబుకి దిగుల్లేదు, మీ ఇద్దరికీ పాస్‌పోర్టులున్నాయి. చిక్కంతా అమ్మగారిదే. ఆవిడకి 62, అటూ కాదు ఇటూ కాదు. ట్రావెల్స్ అతను నాన్నగారి వయసు చూసి అందరికీ అదే చెప్పేసి ఉంటాడు.

మా మేనత్తకి సరిగ్గా ఇదే జరిగింది. ఆవిడకి అప్పుడు 63. ఢిల్లీ ఎయిర్‌పోర్టులో చెక్‌ఇన్ కౌంటర్ దగ్గర ఆధార్ ఇస్తే ఆ అమ్మాయి రెండుసార్లు తిప్పి చూసి "ఓటరు కార్డు ఉందా ఆంటీ?" అని అడిగింది. లేదు. ఓటరు స్లిప్పు ఫోన్‌లో ఉందని చూపించారు, అది చెల్లదంది. మిగతా ఆరుగురూ బోర్డింగ్ పాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు, ఈవిడ ఒక్కరూ బ్యాగు మీద కూర్చుని ఉన్నారు. చివరికి మామయ్య కూడా ఆగిపోయి ఇద్దరూ వెనక్కి వచ్చేశారు, టికెట్ డబ్బులు పోయాయి. ఆ కౌంటర్ అమ్మాయిని అనడానికేం లేదు, ఆమె రూల్ ప్రకారమే చేసింది. ముందే చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు.

కాబట్టి ఈరోజే చేయండి: ఎన్నికల సంఘం సైట్‌లోగానీ యాప్‌లోగానీ ఫారం 8 నింపి పోయిన కార్డుకి బదులు కొత్తది అడగండి. పేరు జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి, ఇల్లు మారారు అన్నారు కాబట్టి పాత చిరునామా మీద తీసేసి ఉంటే మళ్ళీ పేరు చేర్పించడం ఇంకో పని. అది ఆలస్యం అవుతుందనిపిస్తే తత్కాల్‌లో పాస్‌పోర్టుకి పెట్టేయండి. నన్నడిగితే రెండూ ఒకేసారి మొదలుపెట్టండి, ఏది ముందొస్తే అది.

ఇంకోటి, టికెట్ మీద పేరు. మనవాళ్ళకి ఇంటిపేరు ఒక కార్డులో ముందు, ఇంకో కార్డులో వెనక, మూడోదాంట్లో ఒక్క అక్షరం మాత్రమే ఉంటుంది. ఏ కార్డు చూపించి ఎక్కుతారో ఆ కార్డులో ఉన్నట్టే టికెట్ మీద పూర్తి పేరు ఉండాలి. ఆధార్ చూసి టికెట్ తీసి, ఓటరు కార్డు పట్టుకెళ్తే అక్కడ మళ్ళీ టెన్షన్. వెళ్ళేటప్పుడు ఏ కార్డు చూపించారో తిరిగొచ్చేటప్పుడూ అదే చూపించండి.

కుటుంబం మొత్తం కలిసి వెళ్తే ఒక్కరి దగ్గర పాస్‌పోర్టు ఉన్నా చాలు, మిగతావాళ్ళు బంధుత్వం తెలిసే ఫోటో కార్డులు చూపించొచ్చు అనే వెసులుబాటు ఒకటి వినపడుతుంది. దాన్ని నమ్ముకుని మాత్రం ఎయిర్‌పోర్టుకి వెళ్ళొద్దు, కౌంటర్ దగ్గర వాదించుకుంటూ నిలబడితే విమానం ఆగదు.

నల్లరేగడి:

వేపచెట్టు గారు చెప్పినదంతా కరెక్ట్. విమానం కుదరకపోతే రైలు దారి కూడా ఉంది, మేం అలాగే వెళ్ళాం. విజయవాడ, వరంగల్ మీదుగా గోరఖ్‌పూర్ వెళ్ళే రాప్తీసాగర్ ఎక్కాం. గోరఖ్‌పూర్ నుంచి సునౌలి సరిహద్దుకి బస్సులు, జీపులు దొరుకుతూనే ఉంటాయి, మూడు గంటల ప్రయాణం. సునౌలిలో దిగి గేటు దాటి నడుచుకుంటూ వెళ్ళిపోవడమే, అవతల బెలహియా, దాని పక్కనే భైరహవా. అక్కణ్ణుంచి లుంబిని పాతిక కిలోమీటర్ల లోపే. అంటే లుంబిని చివర్లో కాకుండా మొదట్లోనే చూసేయొచ్చు. అక్కణ్ణుంచి పాల్పా మీదుగా పోఖరా, ఘాట్ రోడ్డు, రోజంతా పడుతుంది.

సరిహద్దులో నడిచి వెళ్ళే మనవాళ్ళని ఎక్కువగా ఆపి అడగరు. అది చూసి "చూశారా, ఆధార్ కూడా అడగలేదు" అని చాలామంది ధైర్యంగా చెప్తుంటారు. నేను మాత్రం అలా వెళ్ళొద్దనే అంటాను. ఎందుకంటే అవతల ఎవరికైనా ఒంట్లో బాగోక అర్జెంటుగా కాఠ్మండు నుంచి విమానంలో రావాల్సి వస్తే? అప్పుడు మళ్ళీ అదే ఓటరు కార్డు, అదే పాస్‌పోర్టు. లేకపోతే కాఠ్మండులో లైన్‌చౌర్‌లో ఉన్న మన రాయబార కార్యాలయానికి వెళ్ళి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఒంట్లో బాగోలేని మనిషిని పెట్టుకుని ఆ తిరుగుడు ఎవరు తిరుగుతారు? రోడ్డు మీద వెళ్ళినా సరే, అమ్మగారి కార్డు చేతికి వచ్చాకే బయల్దేరండి.

సొంత కారులో వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క ముక్క: సరిహద్దులో భన్సార్ అని కస్టమ్స్ ఆఫీసు ఉంటుంది, అక్కడ ఎన్ని రోజులుంటారో చెప్పి రోజుకింత అని కట్టి చీటీ తీసుకోవాలి. ఆర్‌సీ, లైసెన్సు ఒరిజినల్స్ కావాలి. మన లైసెన్సు అక్కడ చెల్లుతుంది. కానీ మన కారు ఇన్సూరెన్సు దానంతటదే నేపాల్‌లో పనిచేయదు, అదనంగా కొంత కట్టి నేపాల్‌ని కూడా చేర్పించుకోవాలి. చెప్పిన రోజులకన్నా ఒక్కరోజు ఎక్కువున్నా జరిమానా.

మధుమాలతి:

డబ్బు గురించి నేను రాస్తాను.

మన 100 రూపాయలకి నేపాలీ 160. ఇది 1993 నుంచి మారలేదు, రోజూ రేటు చూసుకోవాల్సిన పని లేదు. మన వంద నోట్లు దాదాపు అన్నిచోట్లా తీసుకుంటారు. పెద్ద నోట్లతోనే తంటా. 2018 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం మన 200, 500, 2000 నోట్లు వాడకూడదంది, తర్వాత రూల్స్‌లో మార్పులు వస్తూనే ఉన్నాయి, కానీ కొట్టువాడు తీసుకుంటాడా లేదా అన్నది వేరే సంగతి. వంద నోటుకి మాత్రం ఎవరూ అడ్డు చెప్పరు. బ్యాంకులో ముందే చెప్పి వంద నోట్ల కట్టలు తీసుకోండి, మేం రెండు కట్టలు తీసుకెళ్ళాం. కొంచెం బరువే, కానీ ఒక్కసారి కూడా ఇబ్బంది పడలేదు.

అందరూ మర్చిపోయే విషయం ఇంకోటుంది. ఎవరైనా ధర చెప్తే వెంటనే అడగండి, "ఐసీయా, ఎన్‌సీయా?" అని. ఐసీ అంటే ఇండియన్ కరెన్సీ, ఎన్‌సీ అంటే నేపాలీ. అక్కడ రోజూ అందరూ వాడే మాటే ఇది. మేం పోఖరాలో ఫేవా సరస్సు దగ్గర ఒక పడవ మాట్లాడుకున్నాం. అతను చెప్పిన మొత్తం నేపాలీలో అనుకున్నాం, దిగాక చూస్తే అతను అడిగింది మన డబ్బుల్లో. ఒకటికి ఒకటిన్నర రెట్లకి పైన తేడా. అతనూ మోసం చేయలేదు, మమ్మల్ని చూసి ఇండియా వాళ్ళు కాబట్టి మన డబ్బులో చెప్పాడు, మేం అడగలేదు. ఆ తర్వాత మా పిల్లలే ప్రతిచోటా ముందు ఆ మాట అడిగేవాళ్ళు.

యూపీఐ 2024 మార్చి నుంచి అక్కడ కొన్ని దుకాణాల్లో నడుస్తోంది, ఫోన్‌పే కాదు, ఫోనెపే అనే వాళ్ళ సంస్థ క్యూఆర్ మీద మన యాప్‌తో స్కాన్ చేయాలి. పెద్ద షాపుల్లో, హోటళ్ళలో ఫర్వాలేదు, జోమ్‌సోమ్ దారిలో టీ కొట్టు దగ్గర దాన్ని నమ్ముకోవద్దు. ఏటీఎం కార్డుకి విదేశీ వాడకం ఆన్ చేయించుకుని వెళ్ళండి, తీసిన ప్రతిసారీ అక్కడి బ్యాంకు ఛార్జీ పడుతుంది కాబట్టి కొంచెం కొంచెంగా తీయొద్దు. మిగిలిన నేపాలీ డబ్బు సరిహద్దు దాటకముందే మార్చేసుకోండి, ఇంటికి తెచ్చుకుంటే జ్ఞాపకంగా దాచుకోవాల్సిందే.

అన్నట్టు వాళ్ళ గడియారం మనకన్నా 15 నిమిషాలు ముందుంటుంది. చిన్న తేడానే కానీ విమానాలు, బస్సులు అన్నీ వాళ్ళ టైమే. నాన్నగారు చేతి వాచీ పెట్టుకుంటే దిగగానే మార్చేయమనండి.

సెలయేరు:

అక్కా, ముక్తినాథ్ గురించి చెప్పకుండా ఉండలేను. నేను మా అమ్మానాన్నలతో వెళ్ళాను, నాన్నకి 70, ఆయనకీ బీపీ. వెళ్ళొచ్చు. కానీ ఎలా వెళ్తున్నారన్నదే ముఖ్యం.

లెక్క ఒక్కసారి చూడండి. పోఖరా ఎత్తు సుమారు 800 మీటర్లు. ముక్తినాథ్ దాదాపు 3,700. చాలా ప్యాకేజీల్లో తెల్లవారుజామున పోఖరాలో జీపెక్కించి, బేని, తాతోపాని, జోమ్‌సోమ్ మీదుగా సాయంత్రానికి పైన దించేస్తారు, రాత్రి అక్కడే పడుకోబెడతారు. ఒక్క రోజులో దాదాపు 3 వేల మీటర్లు ఎక్కడం కుర్రాళ్ళకే కష్టం. 2,500 మీటర్లు దాటితేనే కొందరికి తలనొప్పి, వికారం, కళ్ళు తిరగడం మొదలవుతాయి, రాత్రి నిద్ర పట్టదు. ఎవరికి వస్తుందో ముందు చెప్పలేం, వయసుతో సంబంధం లేదు, మా బృందంలో పడిపోయింది పాతికేళ్ళ కుర్రాడు, మా నాన్న కాదు.

మేం ఏం చేశామంటే, మొదటి రోజు పోఖరా నుంచి బయల్దేరి మార్ఫా అనే ఊళ్ళో ఆగిపోయాం. అది జోమ్‌సోమ్‌కి కాస్త ముందు వస్తుంది, రాతి ఇళ్ళు, చుట్టూ యాపిల్ తోటలు. ఎత్తు 2,670 దాకా ఉంటుంది. రాత్రి అక్కడే పడుకున్నాం. నాన్నకి కొంచెం తల బరువుగా ఉందన్నారు, వేడినీళ్ళు, చారన్నం, పెందరాళే నిద్ర. పొద్దున్నకి బాగానే ఉన్నారు. రెండోరోజు ఉదయం పైకి వెళ్ళి దర్శనం చేసుకుని, మధ్యాహ్నం లోపు దిగిపోయి మళ్ళీ మార్ఫాలోనే పడుకున్నాం. పైన రాత్రి ఉండలేదు. ఎక్కువ ఎత్తుకి వెళ్ళి తక్కువ ఎత్తులో పడుకోవడం మంచిదని మా డాక్టర్ చెప్పారు. ఒక రోజు ఎక్కువ పడుతుంది, ఒక రాత్రి హోటల్ ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చు పెట్టండి అక్కా. ట్రావెల్స్ వాళ్ళు ఒప్పుకోకపోతే వేరేవాళ్ళని చూసుకోండి.

జీపు ఆగే ఊరు రాణీపౌవా. అక్కణ్ణుంచి గుడికి నడక, చివర్లో మెట్లు. మామూలుగా అయితే అరగంట, అక్కడ గాలి పల్చగా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళకి ఇంకా ఎక్కువ. గుర్రాలు దొరుకుతాయి. మా నాన్న గుర్రం వద్దని మొండికేసి పది అడుగులకోసారి ఆగుతూ, ప్రతి మలుపు దగ్గరా కర్రకి గడ్డం ఆనించి ఊపిరి తీసుకుంటూ వెళ్ళారు. మేం ఏమీ అనలేదు, పక్కనే నిలబడ్డాం. గుడి ముందుకి వెళ్ళాక ఆయన కళ్ళ వెంట నీళ్ళు చూడటం నాకదే మొదటిసారి.

గుడి వెనక అర్ధచంద్రాకారంలో 108 ధారలు ఉంటాయి, గోముఖాల్లోంచి నీళ్ళు పడుతుంటాయి. గుడి ముందు రెండు కుండాలు. చాలామంది 108 ధారల కిందా పరిగెత్తి, కుండాల్లో మునిగి లేస్తారు. ఆ నీళ్ళు మంచు కరిగిన నీళ్ళు, అక్కా. బీపీ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా ఆ చలి నీళ్ళలో మునగడం ప్రమాదం. మా అమ్మ ఒక చెంబు తీసుకెళ్ళి, ధారలన్నింటి దగ్గరా కొంచెం కొంచెం పట్టి నాన్న తల మీద చల్లింది. అక్కడ పూజ చేసే బౌద్ధ సన్యాసిని ఒకావిడ అది చూసి తలూపి నవ్వింది. పుణ్యం తగ్గిందని మాకెవరికీ అనిపించలేదు.

ఎత్తుకి వేసుకునే మాత్ర ఒకటి ఉంది, ఎసిటజోలమైడ్. మెడికల్ షాపులో అడిగి వేసుకునే మాత్ర కాదది, సల్ఫా మందులు పడనివాళ్ళకి ఇబ్బంది, బీపీ మందులతో కలిపి వాడొచ్చో లేదో నాన్నగారి డాక్టరే చెప్పాలి. వెళ్ళే ముందు ఒకసారి గుండె పరీక్ష కూడా చేయించండి. బీపీ మందులు వెళ్ళే రోజులకి లెక్కపెట్టినన్ని కాకుండా ఇంకో వారానికి సరిపడా పెట్టుకోండి, చేతి సంచిలోనే. పైన తలనొప్పి పెరిగినా, మాట తడబడినా, నడక తూలినా ఇంక ఆలోచించొద్దు, దర్శనం అయినా కాకపోయినా వెంటనే కిందికి దింపేయండి. దానికి కిందికి రావడాన్ని మించిన మందు లేదు.

పోఖరా నుంచి జోమ్‌సోమ్‌కి చిన్న విమానాలు కూడా ఉన్నాయి, 20 నిమిషాల్లో దించేస్తాయి. పొద్దున పూట మాత్రమే తిరుగుతాయి, ఎందుకంటే పొద్దెక్కేకొద్దీ కాళీగండకి లోయలో గాలి విపరీతంగా వీస్తుంది. మబ్బు పట్టినా, గాలి పెరిగినా రద్దు. ఆ విమానం టికెట్ తీసుకుని మర్నాడే కాఠ్మండు నుంచి ఇంటికి విమానం పెట్టుకున్నవాళ్ళు చాలామంది ఇబ్బంది పడ్డారు. మధ్యలో కనీసం ఒక ఖాళీ రోజు ఉంచుకోండి.

ఆ ప్రాంతమంతా అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలోకి వస్తుంది, దానికి పర్మిట్ కావాలి. మనది సార్క్ (దక్షిణాసియా దేశాల కూటమి) దేశం కాబట్టి తక్కువ, నేపాలీ 1,000. పోఖరాలోనే తీసుకోవచ్చు. పాస్‌పోర్టు సైజు ఫోటోలు తలా నాలుగైనా పట్టుకెళ్ళండి, సిమ్ కార్డుకి కూడా అవే అడుగుతారు.

పాతసూట్‌కేసు:

దసరా సెలవులన్నారు కాబట్టి ఒక మాట. మనకి దసరా ఎలాగో వాళ్ళకి దశైఁ అలాగ, ఇంకా పెద్దది. 15 రోజుల పండగ. బ్యాంకులు, ఆఫీసులు మూసేస్తారు, కాఠ్మండులో ఉండేవాళ్ళంతా సొంతూళ్ళకి వెళ్ళిపోతారు. సంక్రాంతికి హైదరాబాద్ బస్టాండ్ ఎలా ఉంటుందో అక్కడ బస్సుల పరిస్థితి అలా ఉంటుంది. గుళ్ళు తెరిచే ఉంటాయి, యాత్ర ఆగదు, కానీ బండి, హోటల్ ముందే ఖాయం చేసుకోవాలి, పర్మిట్‌లాంటివి పండగ ముఖ్యమైన రోజుల్లో పెట్టుకోవద్దు.

వర్షాల గురించి కూడా ఆలోచించండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండచరియలు విరిగిపడుతూనే ఉంటాయి. 2024 జులైలో నారాయణ్‌ఘాట్, ముగ్లిన్ దారిలో తెల్లవారుజామున కొండ జారి రెండు బస్సులు త్రిశూలి నదిలో పడిపోయాయి, అందులో మన దేశంవాళ్ళు కూడా ఉన్నారు. అదే ఏడాది సెప్టెంబరు చివర్లో కాఠ్మండు చుట్టూ వరదలు. దసరా ముందుగా వచ్చిన ఏడాది అయితే వాన పూర్తిగా వెనక్కి తగ్గిందో లేదో చూసుకుని బయల్దేరండి. కొండదారిలో రాత్రి బస్సు మాత్రం ఎక్కొద్దు, ఎంత సమయం కలిసొచ్చినా సరే.

2025 సెప్టెంబరులో కాఠ్మండులో అల్లర్లు జరిగి ఎయిర్‌పోర్టు మూసేసినప్పుడు మన తెలుగువాళ్ళు చాలామంది చిక్కుకుపోయారు, చివరికి ప్రత్యేక విమానంలో తీసుకొచ్చారు. అలాంటిది మళ్ళీ జరుగుతుందని భయపెట్టడం లేదు. మీరు ఏ హోటల్లో ఉన్నారో, ఏ రోజు ఎక్కడుంటారో రాసిన కాగితం ఇంట్లో ఒకరి దగ్గర ఉంచండి, రాయబార కార్యాలయం నంబరు ఫోన్‌లో కాకుండా కాగితం మీద కూడా రాసుకోండి. అక్కడ పోలీసు 100, అంబులెన్సు 102, టూరిస్టు పోలీసు 1144.

కృష్ణాతీరం:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. సెలయేరు గారూ, మీ నాన్నగారి గురించి చదివి మా నాన్నకి గట్టిగా చదివి వినిపించాను, ఆయన రెండోసారి చదవమన్నారు.

అమ్మ పేరు జాబితాలో పాత చిరునామాతోనే ఉంది, అదృష్టం. ఫారం 8 పెట్టేశాం, పాస్‌పోర్టుకి కూడా తత్కాల్‌లో పెట్టాలని నిర్ణయించుకున్నాం. ట్రావెల్స్ అతనికి ఫోన్ చేసి ముక్తినాథ్‌లో రాత్రి ఉండం, మార్ఫాలో రెండు రాత్రులు కావాలని చెప్పాను, ఒప్పుకున్నాడు. ఇంకా టికెట్లు తీయలేదు, అమ్మ కార్డు చేతికొచ్చాకే.

ఇప్పుడు కొత్త సందేహం. అమెరికాలో ఉండే మా ఆడపడుచు కూడా ఈ మాట విని మేమూ వస్తాం అంటోంది. ఆవిడకి అక్కడి పౌరసత్వం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉంది. ఓసీఐ ఉంటే మనలాగే వీసా లేకుండా వెళ్ళొచ్చా?

వేపచెట్టు:

లేదండీ. ఓసీఐ మన దేశంలోకి రావడానికే, నేపాల్‌కి ఆవిడ అమెరికా పౌరురాలే. వీసా కావాలి, కాకపోతే అక్కడ దిగాక ఇస్తారు. 15 రోజులకి 30 డాలర్లు, 30 రోజులకి 50, 90 రోజులకి 125. డాలర్లు నోట్ల రూపంలో పెట్టుకోమనండి. తిరిగి మన దేశంలోకి రావడానికి ఓసీఐ కార్డు కూడా వెంట ఉండాలి, ఇంట్లో పెట్టి రాకూడదు.

మీరంతా ఒకవేళ సునౌలి దారిలో వెళ్తే ఒకటి గుర్తుపెట్టుకోండి. మనం గేటు దాటి నడిచి వెళ్ళిపోతాం, ఆవిడ అలా వెళ్ళకూడదు. ఇటువైపు మన ఇమిగ్రేషన్ ఆఫీసులో బయటికి వెళ్తున్నట్టు ముద్ర, అటువైపు నేపాల్ ఆఫీసులో వీసా, ముద్ర, రెండూ వేయించుకోవాలి. ఆ ఆఫీసులు దుకాణాల వరసలో మామూలు గదుల్లా ఉంటాయి, చూసుకోకుండా దాటేయడం చాలా తేలిక. మనతో కలిసి మాట్లాడుకుంటూ అలా వెళ్ళిపోయి, తిరిగొచ్చేటప్పుడు ముద్ర లేక గంటలకొద్దీ కూర్చున్న కుటుంబాన్ని నేను చూశాను.

మధుమాలతి:

కృష్ణాతీరం గారూ, మీ అమ్మగారు శాకాహారి అయితే ఒక్కటి. అక్కడ మోమోలు ప్రతి వీధిలోనూ ఉంటాయి. బోర్డు మీద బఫ్ అని ఉంటే అది గేదె మాంసం. వెజ్ అని అడిగినా ఒకే పాత్రలో ఆవిరి పెట్టేవాళ్ళు ఉంటారు. మార్వాడీ భోజనాలయాలు కాఠ్మండులో, పోఖరాలో కనిపిస్తాయి, అక్కడ దిగుల్లేకుండా తినొచ్చు. కొండ దారిలో దాల్‌భాత్ అడగండి, అన్నం, పప్పు, కూర, ఆకుకూర, మళ్ళీ మళ్ళీ వడ్డిస్తారు. మేం మాగాయ సీసా పట్టుకెళ్ళాం, మూడోరోజుకి ఖాళీ.

పశుపతినాథ్‌లో బెల్టు, పర్సు తోలువి అయితే లోపలికి రానివ్వరు, లోపల ఫోటోలు కూడా తీయనివ్వరు. బయట దుకాణాల్లో పెట్టి వెళ్ళాలి, కాబట్టి ఆ రోజుకి డబ్బులు గుడ్డ సంచిలో పెట్టుకోమనండి. సాయంత్రం బాగ్మతి ఒడ్డున హారతి ఉంటుంది, అవతలి ఒడ్డున మెట్ల మీద కూర్చుంటే బాగా కనిపిస్తుంది. పక్కనే దహనాలు జరిగే ఘాట్లు ఉంటాయి, బాబు చిన్నవాడు కదా, ముందే ఒక మాట చెప్పి తీసుకెళ్ళండి.